దుప్పిలా మెడ ఎత్తిన కొండముచ్చు

అనగనగా ఒక అడవి, ఆ అడవిని రెండుగా చీలుస్తూ పారే ఒక వాగు. వాగుకు ఇవతలి గట్టున బూదమ్మ అనే కొండముచ్చు ఒంటరిగా ఉండేది.

మొదటినుంచీ ఒంటరిది కాదు. వాళ్లది పెద్ద గుంపు. తొలకరి రోజుల్లో ఒకనాడు గుంపంతా రాళ్ల మీద గెంతుతూ వాగు దాటింది. బూదమ్మ మాత్రం నేరేడుపళ్లు వదల్లేక వెనకబడింది. ఇంతలో కొండల మీద కురిసిన వాన నీరు ఒక్కసారిగా దిగింది. రాళ్లన్నీ మునిగిపోయాయి.

అవతలి గట్టు నుంచి అక్క అరిచింది. "అక్కడే ఉండు బూదీ. నీళ్లు తగ్గాక వస్తాం."

ఆ తర్వాత మేత వెతుక్కుంటూ గుంపు కదిలిపోయింది. గుంపుతో పాటు అక్కా వెళ్లిపోయింది.

అప్పటి నుంచి రోజూ పొద్దువాలే వేళకు బూదమ్మ మద్దిచెట్టెక్కి అవతలి గట్టుకేసి చూసేది. తలలో పేలు తీసేవాళ్లు లేరు. అన్నిటికన్నా ఆవలింత వచ్చినప్పుడు ఎక్కువ దిగులేసేది. గుంపులో ఒకరు ఆవలిస్తే చాలు, పక్కవాళ్లూ, వాళ్ల పక్కవాళ్లూ వరసగా నోళ్లు తెరిచేవాళ్లు. ఇప్పుడు తను ఎన్నిసార్లు ఆవలించినా ఆ ఆవలింత తనతోనే ఆగిపోయేది.

ఆ చెట్టు కిందికి దుప్పుల మంద మేతకు వచ్చేది. మందకు పెద్ద, చుక్కవ్వ అనే ముసలి దుప్పి. బూదమ్మ లేత చిగుళ్లు తుంచి కింద పడేసేది. దుప్పులు తినేవి. చెట్టు మీద నుంచి చిరుతపులి కనబడితే బూదమ్మ కేక పెట్టేది. దుప్పులు పరుగెత్తేవి. అలా నెల గడిచింది.

ఒకరోజు వెదురుపొదలో ఏదో కదిలింది. చుక్కవ్వ మెడ నిక్కించింది. కొమ్మ మీద బూదమ్మ మెడా నిక్కింది. చుక్కవ్వ కాలితో నేలను తట్టింది. బూదమ్మ కాలు కొమ్మను తట్టింది.

పక్క కొమ్మ మీది ఉడుత కిచకిచ నవ్వింది. "అదేంటి, నువ్వు దుప్పివా?"

బూదమ్మ గబుక్కున కాలు వెనక్కి తీసుకుంది. "నేను కావాలని చేయలేదే" అంది. కానీ మనసులో భయం పట్టుకుంది. రేపు అక్క వచ్చి చూస్తే? తనను పోల్చుకోకపోతే?

ఆ రోజే ఒక నిర్ణయానికి వచ్చింది. ఇక దుప్పుల వైపు చూడకూడదు.

మొదటి రోజు చుక్కవ్వ మనవరాలు, ఒక దుప్పిపిల్ల, చెట్టు కింద పడుకుని ఆవలించింది. బూదమ్మకు దవడ లాగింది. పళ్లు బిగబట్టి ఆపుకుంది. రెండో రోజు మంద అంతా ఒక్కసారి తల తిప్పింది. బూదమ్మ కొమ్మను గట్టిగా పట్టుకుని, కదలకుండా కూర్చుంది. మూడో రోజు మందకు వీపు పెట్టి, కళ్లు మూసుకుంది.

ఆ మూడో రోజే చిరుత వచ్చింది. పైనుంచి కేక రాలేదని దుప్పులు నిమ్మళంగా మేస్తున్నాయి. చిరుత ఆ దుప్పిపిల్ల మీదికి దూకింది. చుక్కవ్వ అడ్డం పడింది. పంజా దాని వెనక కాలు చీల్చింది. ఎలాగో తప్పించుకుని మంద వాగులోయలోకి పారిపోయింది.

చిరుత వెళ్లిపోయాక బూదమ్మ వెతుక్కుంటూ వెళ్లింది. చుక్కవ్వ కాలు నాక్కుంటోంది.

"నీకు కనబడలేదా అమ్మా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు.

"చూడలేదవ్వా. మిమ్మల్ని చూస్తే నా ఒళ్లు నా మాట వినడం లేదు. మీలాగే అయిపోతోంది. మావాళ్లకు నేను పరాయిదాన్నైపోతానని భయమేసింది."

చుక్కవ్వ కాలు నాకడం ఆపి తలెత్తింది. "మా అమ్మ నాకు పరుగు నేర్పలేదు. ఆవిడ మెడ ఎత్తితే నా మెడ లేచింది. ఎందుకని ఆలోచించి ఉంటే ఆ రోజే చిరుత నోట్లో పడేదాన్ని. ఆలోచన కన్నా ఒళ్లు ముందు కదులుతుంది. అదే మమ్మల్ని కాపాడింది."

"ఉడుత నవ్వింది."

"ఇక్కడ అడవిపందీ రోజూ మేస్తుంది. ఎప్పుడైనా దానిలా నేల కుమ్మావా?"

"లేదు."

"మరి మాలాగే ఎందుకు చేశావు? మేం దగ్గరివాళ్లమని నీ మనసు అనుకుంది. ఒళ్లు దాని మాట వింది."

బూదమ్మ కళ్లు తుడుచుకుంది. "అయినా నాకు మా అక్క కావాలవ్వా."

"కావాలనుకో. వద్దన్నదెవరు?"

మర్నాటి నుంచి చుక్కవ్వ కుంటుతూ నడిచింది. వెనకే పిల్లా కుంటింది, దాని కాలికి ఏ దెబ్బా లేకపోయినా. కొమ్మల మీద వెంట వెళుతున్న బూదమ్మ తనూ ఒక కాలు ఈడుస్తూ నడుస్తోందని గమనించింది. ఈసారి ఆపుకోలేదు. చుక్కవ్వ నొప్పి ఎక్కడుందో ఆ కాలికి తెలుస్తున్నట్టుంది.

వానలు వెనకబట్టాయి. వాగులో రాళ్లు తేలాయి. అక్కడే ఉండమన్న అక్క కోసం బూదమ్మ ఎదురుచూస్తూనే ఉంది, గుంపు జాడ లేదు. ఒక సాయంత్రం బూదమ్మ ఎప్పటిలాగే చెట్టెక్కి అవతలి గట్టుకేసి చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి కిందికి చూసింది.

చుక్కవ్వ మేత మానేసి వాగువైపు తిరిగి నిలబడి ఉంది. పక్కన పిల్ల, ఆ వెనక మంద మొత్తం. దుప్పులకు అటువైపు తమవాళ్లెవరూ లేరు. అయినా అన్నీ మెడలెత్తి అవతలి గట్టుకేసే చూస్తున్నాయి.

నీతి: మనకు తెలియకుండానే మన ఒళ్లు ఎవరిని అనుసరిస్తుందో వాళ్లతో మన మనసు కలిసినట్టే. ఎవరో నవ్వుతారని ఆ కలయికను తెంచుకుంటే మనకూ నష్టం, వాళ్లకూ నష్టం.