గవ్వలపేటలోని ఎదురుకుర్చీ బంగళాకు ఆ పేరు వచ్చిన విధం

గవ్వలపేటలో బస్సు దిగి లైట్‌హౌస్ వైపు అరమైలు నడిస్తే, ఎర్ర పెంకుల కప్పుతో, పొడవాటి వరండాతో రెండంతస్తుల మేడ ఒకటి కనిపిస్తుంది. విక్టోరియా రాణి కాలంలో జనపనార వ్యాపారం చేసిన ఒక దొర దీనిని కట్టించాడు. ఉప్పుగాలికి కిటికీ రెక్కల రంగు ఎప్పుడో పోయింది. నేడు ఇందులో ఆరు గదులు బాటసారులకు ఇస్తారు. బసతో పాటు ఉదయం ఫలహారం పెడతారు. సర్కారు కాగితాలలో దీని పేరు వేరు. ఊరివారు మాత్రం ఎదురుకుర్చీ బంగళా అనే అంటారు.

పూర్వం ఇక్కడ ఆ దొర మనుమరాలు మార్గరెట్ దొరసాని ఒంటరిగా నివసించేది. దేశానికి స్వతంత్రం వచ్చి, తనవారందరూ ఓడలెక్కి వెళ్ళిపోయినా ఆమె కదలలేదు. ఆమెకు వండిపెట్టే మనిషి నాంచారమ్మ, చేపలు పట్టే పల్లెకారుల ఇంటి బిడ్డ. భర్తను సముద్రంలో పోగొట్టుకుని, పాతికేళ్ళకే ఈ వంటింట్లో చేరింది.

పన్నెండుమంది కూర్చునే బల్ల దగ్గర దొరసాని ఒక్కతే భోజనం చేసేది. నాంచారమ్మ వడ్డించి గోడవారగా నిలబడేది. రోజూ దొరసాని ఎదుటి కుర్చీ చూపించి, "కూర్చో, నాంచారీ. నువ్వు కూడా తిను" అనేది.

"తప్పమ్మగారూ. నానేటి, మీ ఎదర కూకోడమేటి" అని నాంచారమ్మ రోజూ అనేది.

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఒకనాటి ఉదయం దొరసాని ముద్ద ముట్టకుండా, "ఈ ఒక్కరోజు కూర్చోవూ?" అని అడిగింది. నాంచారమ్మ, "రేపు సూద్దారమ్మగారూ" అన్నది. మరునాడు దొరసాని మంచం మీదినుంచి లేవలేదు.

ఆమె వీలునామా తెరిచి చూస్తే, బంగళా నాంచారమ్మ పేరనే ఉంది. నాంచారమ్మ సంతోషించలేదు. నెలరోజులు లోపలికి అడుగుపెట్టక వరండాలోనే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం అక్కడే కునుకు పట్టగా కలలో దొరసాని కనిపించింది. పెద్ద బల్ల దగ్గర, చల్లారిన పళ్ళెం ముందు కూర్చుని ఎదుటి కుర్చీకేసి చూస్తోంది. నాంచారమ్మ లేచి, తలుపులు తెరిచి, బల్ల తుడిచింది. దారినపోయేవారికి గదులివ్వడం ఆనాడే మొదలు. ఒంటరిగా వచ్చిన అతిథికి వడ్డించి, తానూ ఒక పళ్ళెం పెట్టుకుని ఎదురుగా కూర్చునేది.

ఇది చాలామందికి నచ్చలేదు. ఒక పెద్దమనిషి, "వంటమనిషి నాకు సమానంగా కూర్చోవడమా?" అని పళ్ళెం ముందునుంచి లేచాడు.

"ఒకసారి నిలబడి తప్పు సేసినాను బాబూ. మరి నిలబడను" అన్నది నాంచారమ్మ.

ఆ మాట ఊరంతా పాకింది. ఏడు నెలలపాటు ఒక్క అతిథీ రాలేదు. ఆమె మాత్రం రోజూ ఇద్దరికి వండి, ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని తినేది. బంగళా అమ్మేసి తమ్ముడి ఇంటికి పోదామనుకుంటున్న రోజుల్లో హైమవతి అనే పంతులమ్మ బదిలీ మీద వచ్చి గది అడిగింది. ఆమె భర్త పోయి నెల కూడా కాలేదు. రెండు రోజులు పళ్ళెం ముందు కూర్చున్నదే గాని తినలేదు. నాంచారమ్మ కూడా తినలేదు.

మూడవనాడు హైమవతి తలెత్తి, "మీరెందుకు తినరు?" అని అడిగింది.

"ఎదరోళ్ళు తినకపోతే నాకు ముద్ద దిగదమ్మా."

హైమవతి ఇడ్లీ తుంచి నోట పెట్టుకుంది. నములుతూనే ఏడ్చింది. భర్త పేరు చెప్పింది, అతని దగ్గు గురించి చెప్పింది, చివరిరోజు తాను బడిలో ఉండిపోయిన సంగతి చెప్పింది. నాంచారమ్మ ఓదార్చలేదు. తన పళ్ళెం ఖాళీ చేసి, "నానూ ఒకరికి రేపన్నాను" అని మాత్రం అన్నది.

హైమవతి ఆ గది మళ్ళీ ఖాళీ చేయలేదు. వారిద్దరూ పందొమ్మిదేళ్ళు ఎదురెదురుగా తిన్నారు. నాంచారమ్మ కాలం చేశాక హైమవతి బడి మానుకుని బంగళా బాధ్యత తీసుకున్నది. ఇప్పుడామెకు ఎనభై దాటాయి.

ఇక్కడ ఎవరికీ ఒంటరిగా వడ్డించరాదన్న నియమం నేటికీ సాగుతోంది. దుఃఖంతో అన్నం సయించనివారు ఈ బల్ల దగ్గర కడుపునిండా తిని వెళ్ళడం ఊరివారు చూస్తూనే ఉన్నారు. మొక్కులూ కానుకలూ లేవు. వానాకాలంలో వారాల తరబడి ఎవరూ రారు. ఆ రోజుల్లో రాదలచినవారు ముందుగా తెలియజేయనక్కరలేదు. ఉదయం ఎనిమిది గంటలకు హైమవతిగారు ఇద్దరికి వడ్డించి కూర్చుని ఉంటారు.