ఇప్పచెట్టు కింద చెప్పిన ఒప్పందం

వాగుకి అడ్డంగా అడవి జంతువులన్నీ కలిసి వేయించుకున్న మట్టికట్ట ఒకటుంది. కట్టకి దిగువన ఇసుకమేట. ముసలి తాబేలు పేరమ్మ ఆ ఇసుకలో గుడ్లు పెట్టి, మీద ఇసుక సరిచేసి, అది నచ్చక మళ్ళీ సరిచేసి, కాపలా కూచుంది. పోయిన వానాకాలం కట్ట తెగి ఆమె గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని కనబడ్డ ప్రతివాళ్ళకీ గుర్తుచేసేది.

ఆ కట్ట వేసింది అడవిపంది బొండయ్య. తెగినదాన్ని తిరిగి వేసే పనీ అతనికే ఇచ్చారు. కూలి కింద ప్రతి ఇంటి నుంచీ తిండిలో వాటా పోయింది.

మబ్బు కమ్మిన రోజున కట్ట అడుగున తడి కనబడింది. పేరమ్మ ముక్కు ఆనించి చూసింది. ఊట. వచ్చే నీళ్ళు బురదగా ఉన్నాయి. అంటే కట్ట లోపల్లోపల కరుగుతోంది. గుడ్లని వేరేచోటికి మార్చడానికి లేదు. ఇసుకలో కుదురుకున్న గుడ్డుని దొర్లిస్తే లోపలి పిల్ల దక్కదు.

"బొండయ్యా, ఈ కట్టలో ఏం పోశావు?"

"పొయ్యమన్నది పోశాను అత్తా."

"పొయ్యమన్నదేమిటి?"

"అది మంత్రిగారికి తెలుసు. నేను కూలోణ్ణి, నన్నడిగితే ఎట్లా?"

"కూలి తిండికే ఇంత ఒళ్ళు చేశావా?" అని ఆవిడ మంత్రి దగ్గరికి బయల్దేరింది.

మంత్రి నక్క, పేరు నారప్ప. ఆ అడవిలో ఒప్పందాలు నోటిమాటగానే జరిగేవి. రాజు సింహం షరతులు చెబుతాడు. వాటిని నక్క తన బొరియలో కూచుని, వచ్చినవాళ్ళకి చెప్పాలి. ఎవరైనా పోవచ్చు, వినొచ్చు. అదీ ఆచారం.

బొరియ మూతి నక్క నడుముకి సరిపడా ఉంది. పేరమ్మ తల పట్టింది, ముందుకాళ్ళు పట్టాయి, చిప్ప ఇరుక్కుంది.

"రా పెద్దమ్మా, లోపలికొస్తే నిమ్మళంగా చెబుతాను," అంది నక్క చీకట్లోంచి.

"నువ్వే బయటికొచ్చి చెప్పు."

"ఆచారం బొరియలో చెప్పమని. నేనెవరినైనా ఆపానా? నిన్ను ఆపుతున్నది నీ చిప్ప."

"చాటింపైనా వేశావా?"

"వేశాను. సూర్యుడు నడినెత్తిన ఉండగా గుడ్లగూబ ముందు నిలబడి గట్టిగా చెప్పాను. విన్నాడో లేదో అతన్నే అడుగు."

పేరమ్మ వెనక్కి జరిగి జరిగి బయటపడింది. దారిలో మైనాలు కాపురముండే ఇప్పచెట్టు కింద ఆగి, "దొంగ సచ్చినోడు, నా గుడ్లు మింగినోడు," అని తనలో తాను గొణుక్కుంది. ఇసుకమేట చేరేసరికి ఒడ్డున ఉన్న చెట్ల మీద మైనాలన్నీ అదే తిట్టు తిడుతున్నాయి. ఆమె గొంతుతో, ఆమె ఆయాసంతో సహా. ఇంకొకరైతే సిగ్గుపడేవారు. పేరమ్మ ఆలోచనలో పడింది.

సాయంత్రం సింహం నీళ్ళకొచ్చింది. వెనకే నక్క, పంది.

"దొరా, ఒక మనవి. కట్ట ఒప్పందం ఏమిటో మంత్రిగారు ఇప్పచెట్టు కింద నిలబడి చెప్పాలి. మైనాలు వింటే అడవిలో ఎవరు ఏ వేళ అడిగినా చెబుతాయి," అంది పేరమ్మ.

నక్క ముందుకొచ్చింది. "ఒప్పందం అందరి నోళ్ళలో నానితే పనివాడి మీద ప్రతివాడూ పెత్తనం చేస్తాడు దొరా. రేపు పనికెవడొస్తాడు?"

"ప్రతివాడి దగ్గరా వాటా పట్టినప్పుడు ఈ బాధ లేదే?"

"పెద్దమ్మకి చెప్పినా అర్థం కాదు దొరా."

"నాకు అర్థం కానిదానికి నీకు భయం దేనికి మంత్రీ?"

ఎక్కడో ఉరిమింది. సింహం మబ్బుకేసి చూసింది. "షరతులు పెట్టింది నేను. దాచమనలేదు. చెప్పు."

రాజు ఎదురుగా ఉన్నాక మాట మార్చడానికి వీల్లేదు. నక్క చెట్టు కిందికి పోయి, "కట్ట నడుమ అడుగు నుంచి పైదాకా బంకమట్టి. పొరపొరకీ నీళ్ళు చల్లి తొక్కించాలి. నీటివైపు వాగురాళ్ళు పేర్చాలి," అని చెప్పింది. సింహం తలూపి వెళ్ళిపోయింది. పేరమ్మ అక్కడే తలా కాళ్ళూ లోపలికి లాక్కుని రాయిలా ఉండిపోయింది.

నక్క పుట్టి పెరిగింది బొరియలో. అక్కడి మాట అక్కడే ఉంటుంది. చెట్టు కింది మాట ఎంతదూరం పోతుందో దానికి అలవాటు లేదు. దగ్గి, గొంతు తగ్గించి పందితో అంది: "వింటారు, పోతారు. కట్ట కోసి చూసేదెవడు? వాన రానీ, నువ్వు పోసిన ఇసుకంతా కొట్టుకుపోతే అడిగేవాడుండడు. మళ్ళీ వేసే పనీ నీదే. వాటాలో సగం నాదే."

తెల్లారేసరికి ప్రతి చెట్టూ ఒప్పందం అప్పజెబుతోంది. మొదట గాడిద వచ్చింది. "బంకమట్టంటారేమిటి? నేను మోసింది ఇసుక. కట్టకి అదే కావాలేమో అనుకున్నా." ఎండ్రకాయ వచ్చింది. "నేను తవ్విన బొక్క తవ్వినట్టే కూలింది. నా తవ్వకంలోనే లోపమనుకున్నా." నిన్నటిదాకా ఎవరి అనుమానం వాళ్ళ కడుపులోనే ఉంది. ఇవాళ అన్నీ కట్ట మీద కలిశాయి. ఊట పిల్లకాలువంత అయింది. సింహం కూడా వచ్చింది.

అప్పుడు మైనాలు మిగతాది అందుకున్నాయి. ఖళ్ళుమని దగ్గి, "వింటారు, పోతారు. కట్ట కోసి చూసేదెవడు?" అన్నాయి. సగం వాటా దాకా ఒక్క మాట వదల్లేదు.

"పక్షులు కల్పించాయి దొరా," అంది నక్క.

"దగ్గు కూడానా?" అంది సింహం.

చినుకులు మొదలయ్యాయి. నక్క వీపున బంకమట్టి, పంది కాళ్ళ కింద బంకమట్టి. గాడిద రాళ్ళు మోసింది. పేరమ్మ మాత్రం గుడ్ల మీంచి కదలకుండా, "అక్కడ సరిగా పడలేదు, మళ్ళీ తొక్కు," అంటూనే ఉంది. వాగు పొంగి కట్టని ఒరుసుకుంది. ఊట బురద తగ్గి తేటపడింది. తర్వాత ఆగిపోయింది.

ఆ రోజు నుంచి ఏ ఒప్పందమైనా ఇప్పచెట్టు కిందే చెప్పాలని సింహం శాసించింది. నారప్ప మంత్రి పదవి పోయింది.

ఎండ కాసిన రోజున ఇసుక కదిలి, పిల్లలు ఒక్కొక్కటే తలెత్తాయి. అటుగా పోతున్న నక్క ఆగి, "పిల్లలు క్షేమమే కదా పెద్దమ్మా, ఇంకా కోపమేనా?" అంది.

"పోయినేటివి కూడా తెచ్చిపెట్టు. అప్పుడు ఆలోచిస్తాను," అంది పేరమ్మ.

నీతి: పదిమంది సొమ్ముతో చేయించే పనికి ఒప్పందం ఆఫీసు బీరువాలో ఉంటే చాలదు, ఎవరు ఫోను తెరిచినా కనబడేచోట ఉండాలి.