దిగని ముద్ద

జిలానీ మాస్టారు ఈల వేస్తే బడిలో మూడువందల మంది పిల్లలు వరసలో నిలబడతారు. ఇంట్లో ఒక్కగానొక్క కూతురు సమీనా మాత్రం నెల రోజులుగా ఆయన ముఖమే చూడడం లేదు.

ఆయన ఆ ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడినవాడు. నలభై ఐదు దాటినా పొట్ట రాలేదని లోపల కాస్త గర్వం. పదమూడో ఏడు వచ్చాక సమీనా కొద్దిగా ఒళ్ళు చేసింది. అది ఆయన కంట్లో పడింది. తెల్లవారుజామునే లేపి మైదానం చుట్టూ పరుగెత్తించాడు. అన్నం దగ్గర ఎదురుగా కూర్చుని ముద్దముద్దకీ ఏదో ఒకటి అనేవాడు. బిస్కెట్ల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. తల్లి షాహీన్ మనసు ఊరుకోక, ఆయన గడప దాటగానే మిఠాయి తెచ్చి కూతురి చేతిలో పెట్టేది. "అబ్బాకు చెప్పకు" అనేది.

సమీనా ఇద్దరితోనూ ఏమీ అనలేదు. తన టిఫిన్ డబ్బా స్నేహితురాళ్ళకు ఇచ్చేయడం మొదలుపెట్టింది. అమ్మ ఇచ్చిన మిఠాయి కూడా వాళ్ళకే. ఒక సోమవారం పొద్దున బడి ప్రార్థనలో, తండ్రి "అటెన్షన్" అని అరిచినప్పుడు, మూడో వరసలో కుప్పకూలిపోయింది.

"ఎదిగే పిల్ల. బరువు సరిగ్గానే ఉంది, రక్తమే తక్కువగా ఉంది" అంది డాక్టరమ్మ. "రెండు రోజులుగా కడుపులో ఏమీ లేదట. ఇంట్లో తిండి పెట్టడం లేదా మాస్టారూ?"

జిలానీ ఆ మధ్యాహ్నమే తన గురువు పీర్ గారి దగ్గరికి వెళ్ళాడు. గుట్ట కింద జామతోటలో రెండు గదుల ఇల్లు ఆయనది. పన్నెండేళ్ళుగా జిలానీ ఆయనకు శిష్యుడు.

"నా కూతురి మంచి కోసమే చేశాను హజ్రత్" అన్నాడు. "తను నా మాట వినేటట్టు ఏదైనా దువా చెయ్యండి."

పీర్ గారు అంతా విన్నారు. "ముందు అన్నం తిందువు గాని, రా" అన్నారు.

చాప పరిచి జిలానీకీ, తోటలోనే ఉండే ముసలి ఫకీరుకీ రాగి సంగటి ముద్ద, పప్పు, మాంసం కూర వడ్డించారు. తను వడ్డించుకోలేదు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని జిలానీ పళ్ళెంలోకి చూడసాగారు.

జిలానీ ఒక ముద్ద తీశాడు.

"అంత పెద్ద ముద్దా?" అన్నారు పీర్ గారు, మెత్తగా.

జిలానీ సగం తెంచి నోట్లో పెట్టుకున్నాడు.

"నమలకుండానే మింగేస్తున్నావే."

జిలానీ నమిలాడు. కూరలో ముక్క మీదికి చెయ్యి పోయింది.

"అది అవసరమా నాయనా? మీ తమ్ముణ్ణి చూడు, ఎంత సన్నగా ఉంటాడో."

పక్కన తింటున్న ఫకీరు తల దించుకున్నాడు. జిలానీ చెవులు వేడెక్కాయి. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. నీళ్ళు తాగి ఎలాగో దింపి, పళ్ళెం కొంచెం ముందుకు నెట్టాడు.

"ఏం, ఆపేశావు?"

"కడుపు నిండింది హజ్రత్."

"ఒక్క ముద్దకేనా?"

జిలానీ పళ్ళెం అంచు వేలితో గీస్తూ కూర్చున్నాడు.

"నేను తిట్టలేదు కదా" అన్నారు పీర్ గారు. "నీ మంచికే చెప్పాను."

జిలానీ తల ఎత్తి ఏదో అనబోయాడు. కళ్ళ నిండా నీళ్ళు.

పీర్ గారు లేచి ఇంకో పళ్ళెం తెచ్చుకున్నారు. శిష్యుడి పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టారు. మళ్ళీ ఆ పళ్ళెం వంక చూడలేదు. బావి మోటారు కాలిపోయిందనీ, జామచెట్లు వాడిపోతున్నాయనీ, రామచిలకలు పిందెల్ని కూడా వదలడం లేదనీ చెప్పుకుపోయారు. జిలానీ చిలకల గురించి వింటూ ఎప్పుడు సంగటి అయిపోయిందో గమనించలేదు.

"రేపటినుంచి పొద్దున్నే వచ్చి నాలుగు బిందెలు తోడిపెడతావా?" అన్నారు పీర్ గారు.

"వస్తాను."

ఇంటికి వెళ్ళి బీరువా తాళం తీసేశాడు. షాహీన్ వింతగా చూసింది. "నువ్వూ ఇక దాచి పెట్టకు. వండింది ముగ్గురం కలిసి తిందాం" అన్నాడు. ఆమె తల ఊపింది.

మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. సమీనా ఒక్క రొట్టె తుంచి లేచి వెళ్ళిపోయేది. జిలానీ నోటిదాకా వచ్చిన మాటను పప్పుతో కలిపి మింగేవాడు. అయిదో రోజు తింటూ, చిన్నప్పుడు కబడ్డీ ఆటలో తన నిక్కరు చినిగిన సంగతి చెప్పాడు. నవ్వు ఆపుకోలేక సమీనాకు పొలమారింది. ఇంకో రొట్టె వేసుకుంది. జిలానీ చూపు గోడ మీదికి తిప్పేసుకున్నాడు.

పది పన్నెండు రోజుల తర్వాత, ఆయన చెప్పులు వేసుకుంటుంటే సమీనా అడిగింది.

"రోజూ ఎక్కడికి అబ్బా?"

"హజ్రత్ తోటకి. నీళ్ళు తోడాలి."

"నేనూ రానా?"

నడక ఒంటికి ఎంత మంచిదో చెప్పబోయి ఆగాడు. "రా" అన్నాడు.

ఆ పొద్దున తండ్రీ కూతుళ్ళు రెండు మైళ్ళు నడిచారు. సమీనా గిలక తాడు పట్టుకుని తండ్రితో పోటీ పెట్టింది. చేతులు ఎర్రబడ్డాయి, చున్నీ తడిసింది. అయినా వదల్లేదు. చివరి చెట్టు పాదు నిండాక ఫకీరు ఇచ్చిన జామకాయలు ఒడిలో పోసుకుని గట్టు మీద కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల ఆకలితో తినడం జిలానీ చూశాడు.

ఆయన పీర్ గారి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"హజ్రత్, ఏం తినాలో, ఎంత తినాలో ఇక తనకి ఎప్పుడు చెప్పమంటారు?"

"అడిగినప్పుడు."

"అడక్కపోతే?"

పీర్ గారు పాదులో నీళ్ళు ఇంకడం చూస్తూ అన్నారు.

"పక్కన కూర్చో. నీ అన్నం నువ్వు తిను."