పోనంటే పోనన్న చిలక

ఒకానొక రాజ్యంలో చిలకలన్నీ రాజుగారివే.

అడవిలో పట్టేదీ, మాటలు నేర్పేదీ చిలకలవాళ్ళు. కొనుక్కునేది జనం. అయినా చిలక మాత్రం రాజుగారిది. పంజరంతో పాటు ఒక తాటాకు ఇచ్చేవారు. దాని నిండా చీమ తలకాయలంత అక్షరాలు. చదివినవాడు లేడు. అందరూ కింద ఓ గీత గీసి, పంజరం పట్టుకుపోయేవారు.

ఆ రాజు వీరకంఠ భూపతి. తన చిలకలశాల లాంటిది ఏ రాజ్యంలోనూ లేదని రోజుకు మూడుసార్లు ఎవరిచేతనైనా చెప్పించుకునేవాడు.

ఒకనాడు దండోరా పడింది.

"పాత చిలకలు తెచ్చి ఇచ్చెయ్యండహో! కొత్త చిలకలు ఊరికే పట్టుకెళ్ళండహో! పున్నమి దాటితే పాత చిలకలకు గింజలు లేవహో!"

చిలకలకు రాజుగారి కొట్లో రాజముద్ర వేసి అమ్మే గింజలే పెట్టాలి. అదీ తాటాకులోని మాటే.

కొత్త చిలకలు ఘనమైనవి. పొద్దున్నే రాజుగారి నూట ఎనిమిది బిరుదులు చదువుతాయి. మధ్యమధ్యలో, ఎవరూ అడక్కుండానే, "రాజుగారి కొట్లో బెల్లం బహు తియ్యన" అంటాయి.

ఆ ఊళ్ళో నాంచారమ్మ ఉంది. అటుకులు దంచి బతికే మనిషి. ఆమెకు ఒక్కతే కూతురు, పైడి. ఆరో ఏట జ్వరమొచ్చి పోయింది. మూడేళ్ళయింది.

పైడి బతికున్నప్పుడు రోకలి దగ్గరే తచ్చాడేది. "దెబ్బ తగులుతుందే, అవతలికి పో" అనేది తల్లి. పిల్లకు ర పలకదు. "పోను. నీ దగ్గలే ఉంటా" అనేది. అది వినీ వినీ వాళ్ళింటి చిలక నేర్చుకుంది.

పిల్ల పోయాక కూడా నాంచారమ్మ రోజుకొకసారి చిలకతో "అవతలికి పో" అనేది. కోపంతో కాదు.

పాత చిలకలు తీసుకురమ్మని చిలకలవాళ్ళ ఓబయ్యను పంపారు. నాంచారమ్మకు ఆ చిలకను అమ్మింది అతనే. వాకిట్లో నిలబడ్డాడు కానీ లోపలికి రాలేదు.

"తీసుకెళ్ళి ఏం చేస్తారు తమ్ముడూ?" అంది నాంచారమ్మ.

ఓబయ్య తల వంచుకున్నాడు. "చీకటి అరలో పెడతారక్కా. నేర్చిన మాటలు మర్చిపోయేదాకా. ఆ తర్వాత బిరుదులు నేర్పుతారు."

"నువ్వు తీసుకెళ్ళకపోతే?"

"మా వాడ మొత్తానికి అడవిలోకి దారి మూసేస్తారు. రోగమొచ్చిన పిట్టకు అడక్కుండా మందు వేశాడని పోయినేడే మా మామకు మూసేశారు."

నాంచారమ్మ అతన్ని పున్నమిదాకా ఆగమంది. తనే చిలకలశాలకు వెళ్ళింది. అక్కడ వాకిట్లో మనిషి లేడు, ఓ చిలక ఉంది.

"అయ్యా, నా చిలక..." అంది.

"మీ మనవి మాకెంతో విలువైనది. వేచి ఉండండి" అంది చిలక.

నాలుగు రోజులు వేచి ఉంది. నాలుగు రోజులూ అదే మాట.

అయిదో రోజు ఓబయ్య ఆమెను చెన్నుభట్టు ఇంటికి తీసుకెళ్ళాడు. సభలో రాజును నవ్వించడం చెన్నుభట్టు కొలువు. అంతా విని ఆయన నవ్వలేదు.

"తాటాకు ఉందా తల్లీ?"

"చూరులో దోపానయ్యా. తెచ్చాను."

భట్టు దాన్ని ఎండకు పట్టి మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఆ రాజ్యంలో అంతవరకు ఆ పని ఎవరూ చెయ్యలేదు. పద్దెనిమిదో వాక్యం దగ్గర మీసంలోంచి నవ్వాడు.

"రేపు చిలకతో సభకు రా. నువ్వేం మాట్లాడకు. ప్రభువులే మాట్లాడతారు. ఓబయ్యా, నువ్వు గానుగ ఇంటినుంచి తెచ్చిన పాత చిలక నీ దగ్గరే ఉందిగా? అదీ పట్రా."

మర్నాడు సభ నిండింది.

"కొత్త చిలక ఊరికే ఇస్తామంటే ఈ ఏడుపెందుకు?" అన్నాడు రాజు. "మా దయ అర్థం కాలేదా?"

"ఈవిడదే తప్పు మహారాజా" అన్నాడు భట్టు. నాంచారమ్మ ఉలిక్కిపడింది. "ఇంతకీ చిలక ఎవరిది?"

"మాది."

"రెక్క?"

"మాదే."

"ఊడిన ఈక?"

"ఈకా మాదే!"

"మరి దాని పలుకు?"

రాజు చిలకలశాల అధికారి వైపు చూశాడు. అధికారి ఛాతీ పొంగించాడు. "పద్దెనిమిదో వాక్యం మహాప్రభూ. చిలక నోట వెలువడే ప్రతి పలుకూ ప్రభువుల పలుకే. నేనే రాశాను."

"భేష్!" అన్నాడు భట్టు. "ప్రభువుల పలుకంటే శాసనమే కదా?"

"కాక?" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"వెనక్కి తీసుకోవడం?"

"మా వంశంలో లేదు."

"ఓబయ్యా, ఆ మొదటి పంజరం మీద గుడ్డ తియ్యి."

గానుగ ఇంటి చిలక సభను ఓసారి కలియజూసింది. గొంతు సవరించుకుంది. "గింజల్లో మళ్ళీ ఇసకేనా? ఈ రాజుకు మీసాలు గొరిగించాలి!"

సభలో తలలన్నీ రాజు వైపు తిరిగాయి.

"ఎవడ్రా ఆ మాటన్నది?" గర్జించాడు రాజు.

భట్టు చేతులు కట్టుకున్నాడు. "తమరే మహారాజా. ఇప్పుడే సెలవిచ్చారు. మంగలిని పిలిపించమంటారా?"

రాజు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. అంతలో ఓబయ్య రెండో గుడ్డ తీశాడు. రాజు కోపమంతా దాని మీదికి మళ్ళింది.

"ఇదేం తిడుతుందట? పో! అవతలికి పో!"

చిలక తల పక్కకు వాల్చింది.

"పోను. నీ దగ్గలే ఉంటా."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు కళ్ళు చిట్లించాడు. "దగ్గలేనా? మా పలుకులో ర ఏమైంది?"

"ఆరేళ్ళ పిల్ల నేర్పిన మాట మహారాజా. ప్రభువులకు ఇంకా ర రాలేదు."

"ఆ పిల్ల ఏది?"

మాట్లాడొద్దన్న సంగతి నాంచారమ్మ మర్చిపోయింది.

"పోయింది" అంది.

ఆ తర్వాత సభలో నవ్వు లేదు.

భట్టు గొంతు తగ్గించాడు. "పిల్ల పోయింది. మాట పోనంటోంది. పద్దెనిమిదో వాక్యం ప్రకారం అది తమ మాట. తమ మాటను తమరే చీకటి అరలో పెట్టిస్తారా?"

రాజు సింహాసనం దిగాడు. నడిచొచ్చి పంజరం ముందు వంగాడు. ఈసారి మెల్లగా, బతిమాలుతున్నట్టు అన్నాడు.

"పో."

"పోను. నీ దగ్గలే ఉంటా."

రాజు నవ్వాడు. నవ్వుతూనే ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఓడిపోయాం భట్టూ. మా మాటే మమ్మల్ని ఓడించింది. ఇకనుంచి చిలక ఎవరింట్లో పలికితే వాళ్ళది. ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకోవచ్చు, గింజలైనా, జామకాయైనా. అడవి చిలకలవాళ్ళది. రోగమొస్తే మందూ వాళ్ళే వేస్తారు. ఆ తాటాకులు పొయ్యిలో పెట్టించండి."

"చిలకలశాల వాకిట్లో ఆ చిలక సంగతి?" గుర్తుచేశాడు భట్టు.

"దానికి సెలవు. రేపటినుంచి అక్కడ అధికారే కూర్చుని వింటాడు. అన్నట్టు, మీసాలు?"

"ర రాని ప్రభువులకు మీసాలెక్కడివి మహారాజా? వచ్చాక చూద్దాం."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి భట్టు మెడలో వేశాడు. "ఇక పో భట్టూ, నవ్వలేక చస్తున్నాం!"

"పోను మహారాజా. నీ దగ్గలే ఉంటా."

ఆ నవ్వు కోట వాకిలి దాకా వినిపించింది. నాంచారమ్మ అప్పటికే అక్కడికి చేరింది. పంజరం మీద గుడ్డ లేదు.

కావలివాడు అలవాటు కొద్దీ కర్ర ఆడించాడు. "ఊఁ, పో, పో."

జవాబు పంజరంలోంచి వచ్చింది.