ఇసుక మీద గీత

1979, చలికాలం. క్రిస్మస్ ఇంకా ఎనిమిది రోజులుందనగా వచ్చిన సోమవారం.

సోమవారం మా గోల్ఫ్ క్లబ్బుకు సెలవు. మిగతా ఆరు రోజులు దొరల కర్రల సంచులు మోసే మేము ఆ ఒక్క రోజు కర్ర పట్టి ఆడుకోవచ్చు. కర్రలు దొరలు వద్దని పారేసినవి. బంతులు చెరువులో దేవులాడి తీసుకున్నవి. ఆట మాత్రం లాల్‌మియా ఉస్తాద్ మాకు దగ్గరుండి నేర్పింది.

ఉస్తాద్ కూడా ఒకప్పుడు సంచులు మోసినవాడే. తర్వాత ఇరవై ఏళ్లుగా క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఆ ఏడు ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. కొత్త సంవత్సరం నుంచి ఆ పని ఎవరికివ్వాలో నువ్వే చెప్పమని క్లబ్బువాళ్లు ఆయనకే వదిలేశారు.

ఇవ్వదగినవాళ్లం ఇద్దరమే. నేను, డేవిడ్. నేను ఆయన దగ్గర చేరి పదకొండేళ్లు. డేవిడ్ చేరి తొమ్మిదేళ్లు. ఆ పని వస్తే ఇక జన్మలో భుజాన సంచి వేసుకోనక్కర్లేదు. అది నాదేనని నేను అనుకున్నాను. నాదని ఉస్తాద్ అనలేదు. డేవిడ్‌దని కూడా అనలేదు.

ఆ సోమవారం మేం ఊరు దాటి ఆడటానికి బయల్దేరాం. గోదావరి పక్కన బొగ్గు గనుల ఊళ్లో ఒక చిన్న మైదానం ఉందని, దాన్ని ఓదెలు అనే ఆయన చూసుకుంటాడని ఉస్తాద్ చెప్పాడు. ఓదెలు ఒకసారి మా క్లబ్బులో గడ్డి ఎట్లా పెంచుతారో చూడటానికి వచ్చి, ఉస్తాద్ ఇంట్లో రెండు రోజులున్నాడు. అప్పటి నుంచి రమ్మని పిలుస్తూనే ఉన్నాడట. ఉస్తాద్, నేను, డేవిడ్, మాతోపాటు విఠల్. విఠల్ ఎక్కడుంటే అక్కడ నవ్వులు. ఆటలో అంతంత మాత్రం.

పొద్దుటి ప్యాసింజరులో రెండు స్టేషన్లు ఓపిక పట్టాను. మూడో స్టేషన్ దాటగానే ఉస్తాద్‌ను అడిగేశాను, పని ఎవరికిస్తున్నావని. ఆయన పల్లీలు ఒలుచుకుంటూ కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. విఠల్ ఊరుకోలేదు. ఇయ్యాల గెలిచినోనికి ఇచ్చేయి ఉస్తాద్, పీడ పోతది అన్నాడు.

వాడు నవ్వుతూ అన్నదాన్ని నేను గట్టిగా పట్టుకున్నాను.

"అదే మాట," అన్నాను. "ఇయ్యాల తక్కువ దెబ్బల్ల ఎవడు ముగిస్తే పని వానిది. సమానమైతే నేను ముందు చేరినోణ్ని, నాకే."

డేవిడ్ మొహమాటపడ్డాడు. ఉస్తాద్ ఇష్టం కదా అన్నా, మధ్యల మనదేంది అన్నాడు. భయమా అని అడిగాను. నవ్వి, సరే కానియ్యి అన్నాడు.

ఉస్తాద్ అప్పుడు నా వైపు తిరిగాడు.

"నీ నోటితోని అన్నవు, బక్కయ్యా."

"అన్న."

"మంచిది," అని చేతిలో ఉన్న పల్లీలన్నీ నాకిచ్చి, మళ్లీ కిటికీలోంచి చూడసాగాడు.

ఓదెలు స్టేషన్‌కే వచ్చాడు. మైదానం గని దిబ్బల పక్కన ఉంది. తొమ్మిదే గుంటలు. అంతా ఎండిన గడ్డి, తుమ్మ చెట్లు. ఇంత దూరం వచ్చి చూసేది ఇదా అని విఠల్ సణిగాడు కాని, కర్ర చేతికి తీసుకోగానే వాడి మొహమూ మారింది. కొత్త మైదానంలో మొదటి దెబ్బ కొట్టేటప్పుడు ఎంత ముదిరిన మనిషికైనా లోపల గిలిగింతగా ఉంటుంది. పైగా మా పేర్లు పిలిచి పని చెప్పే దొర ఒక్కడూ లేడక్కడ.

మా క్లబ్బులో ప్రతి జెండా చుట్టూ గడ్డిని తివాచీలా కత్తిరించి ఉంచుతారు. ఆ గడ్డి ఎటు వాలిందో చూసి, బంతి ఎటు తిరిగి గుంటలో పడుతుందో నేను చెప్పగలను. పెద్ద పెద్ద దొరలు కూడా నన్ను అడిగాకే కొట్టేవాళ్లు. నా గొప్పంతా అదే.

ఇక్కడ జెండా చుట్టూ గడ్డి లేదు. నీళ్లు చాలవు కాబట్టి ఇసుక పరిచి, అది లేచిపోకుండా కాలిన ఇంజన్ ఆయిల్ కలిపారు. నల్లటి ఇసుక. అడుగు పెడితే అడుగు, బంతి పోతే బంతి దారి, అన్నీ అచ్చు పడతాయి.

మొదటి గుంట దగ్గర నేను వంగి, కూచుని, నాలుగు దిక్కులా చూసి కొట్టాను. బంతి సగం దారిలో ఆగింది. దానికి నిద్రొచ్చిందేమో చూడన్నా అన్నాడు విఠల్. డేవిడ్ ఏమీ చూడకుండా తిన్నగా, గట్టిగా కొట్టాడు. పడింది. నేను అందరికంటే ఆఖర్న ముగించాను.

ఓదెలు ఒక చెక్క తెచ్చి నాకు అందించాడు. పొడుగు పిడికి అడ్డంగా బిగించిన చెక్క, దానికి గోనెసంచి చుట్టి ఉంది. ఆఖర్న ముగించినవాడు ఇసుకను దానితో సాపు చేసి, వెనక వచ్చేవాళ్లకు వదిలి పోవాలట. అక్కడి పద్ధతి అది.

నేను చెక్క పట్టుకోలేదు. పొద్దున లేస్తే మా క్లబ్బు ఇసుక గుంతల్ల దొరలు తొక్కిన ఇసుక సాపు చేసుడే నా పని, ఇయ్యాల నేను ఆడటానికి వచ్చిన, ఓదెలన్నా అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు. తనే లాగబోయాడు. ఈలోగా ఉస్తాద్ వచ్చి ఎడమ చేత్తో చెక్క తీసుకున్నాడు. గుంట దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా తిరుగుతూ అంచుదాకా లాగాడు. నేను వెనక్కి చూడకుండా రెండో గుంటకు నడిచాను. అట్లా వెనక్కి చూడకుండా నడవటం ఎంత హాయిగా ఉంటుందో దొరలకు తెలుసు. నాకు ఆ రోజే తెలిసింది.

రెండో గుంట దగ్గర నా బంతి విఠల్ బంతి గీసిన గీతలో పడి, వాడిది ఎటు పోయిందో అటే పోయింది. గీత చెరిపి మళ్లీ కొడతానన్నాను. కుదరదన్నాడు ఓదెలు. తన బంతి ముందున్న ఇసుకను తను ముట్టుకోకూడదు. గీత గీసినవాడే వచ్చి చెరిపితే చెరిపినట్టు. చెరపకపోతే తప్పు లేదు, ఎట్లా ఉంటే అట్లా ఆడాలి. అడగటం కూడా మర్యాద కాదట.

ఆ గుంట దగ్గరా ఉస్తాదే చెక్క లాగాడు. మూడో దాని దగ్గరా అంతే. డేవిడ్ రెండుసార్లు అందుకోబోతే, నువ్వు ఆడుకో పో అని పంపేశాడు.

అయిదు గుంటలయ్యేసరికి డేవిడ్ కంటే మూడు దెబ్బలు వెనకబడ్డాను. కాని ఇసుక కొంచెం కొంచెంగా అర్థమవుతోంది. నూనె ఎక్కువ తాగిన చోట బంతి నెమ్మదిస్తుంది. ఎండ తగిలి ఆరిన చోట జారుతుంది. గడ్డిని చదివినట్టే దీన్నీ చదవొచ్చు.

ఆరో గుంట ఏటవాలు మీద ఉంది. విఠల్ బంతి తుప్పల్లో పోయి, ఆ గుంట వదిలేశాడు. అప్పటికే ముగించిన డేవిడ్, ఓదెలు వాడితో కలిసి బంతి వెతకటానికి వెళ్లారు. ఇసుక దగ్గర నేనూ ఉస్తాదూ మిగిలాం. నా బంతి గుంటకు పదిహేను అడుగుల పైన ఉంది. మధ్యలో వాలు.

కొట్టాను. బంతి గుంట వైపు కాక ఎడమకు పోయింది. గట్టు ఎక్కింది. అక్కడ ఆగినంత పని చేసి, మెల్లగా తిరిగి, కిందికి జారి, చప్పుడు లేకుండా గుంటలో పడింది.

నల్లటి ఇసుక మీద కొడవలి వంపులా గీత. ఎవరో చేత్తో దిద్దినట్టు ఉంది. పదకొండేళ్లలో నేను అట్లాంటి దెబ్బ కొట్టలేదు. ఆ తర్వాతా కొట్టలేదు. తుప్పల వైపు తిరిగి, అందరూ వచ్చి చూడండని కేకేశాను.

మా వెనక ముగ్గురు ఆడుతూ వస్తున్నారు. రాత్రి డ్యూటీ దిగి, పడుకోకుండా వచ్చిన గని కార్మికులు. ముగ్గురికీ కలిపి రెండే కర్రలు. మమ్మల్ని తొందరపెట్టకుండా అవతల గొంతుక్కూచుని బీడీ కాల్చుకుంటున్నారు.

ఉస్తాద్ చెక్క తీసుకున్నాడు.

"ఆగు ఉస్తాద్," అన్నాను. "వాళ్లు చూడాలె."

ఆయన ఆగలేదు. గుంట దగ్గర మొదలుపెట్టి ఎప్పటిలాగే గుండ్రంగా లాగాడు. నా గీత సగమైంది, పావు అయింది, పోయింది. నాకు ఒళ్లు మండింది.

"నా జన్మల ఇసొంటి దెబ్బ కొట్టలే ఉస్తాద్. ఒక్క నిమిషం ఉంటే ఏం పోయేది?"

"నేను చూసిన," అన్నాడు. చెక్క పక్కన పెట్టి, కూచున్న ముగ్గురినీ రమ్మని చెయ్యి ఊపాడు. "వచ్చేటోనికి నీ గీత అడ్డమైతది, బేటా."

డేవిడ్ వచ్చాక చెప్పాను. చెప్పగానే నమ్మాడు. మేం లేనప్పుడే నీకు ఇసొంటివి పడతయన్నాడు విఠల్. లెక్కలో మాత్రం ఆ దెబ్బ దెబ్బే. తేడా ఒకటికి దిగింది.

ఏడో గుంట దాటాక తుమ్మ చెట్ల నీడలో ఓదెలు భార్య పంపిన సర్వపిండి తిన్నాం. వెనక వస్తున్న ముగ్గురినీ పిలిచాం. వాళ్లలో పెద్దాయన, రెండు కర్రల్లో తన వాటాకు సగం కర్ర వస్తుందని, అందుకే తన ఆట సగమే బాగుంటుందని చెప్పి నవ్వించాడు. ఉస్తాద్ మీద కోపంగా ఉన్నా సర్వపిండి బాగుంది. ఇంకోటి కూడా తిన్నాను.

ఎనిమిదో గుంటతో ఇద్దరం సమానమయ్యాం.

తొమ్మిదో దాని మీద మూడేసి దెబ్బల్లో ఇద్దరం ఇసుక చేరాం. నా బంతి దూరంగా, డేవిడ్‌ది దగ్గరగా, ఇంచుమించు ఒకే దారిలో ఉన్నాయి. దూరంగా ఉన్నవాడు ముందు కొట్టాలి. కొట్టాను. బంతి డేవిడ్ బంతి పక్కనుంచి వెళ్లి, సరిగ్గా గుంట ముందు కుడికి ఒరిగి, అంచు దాటి ఆగింది. ఇంకో దెబ్బ వేసి గుంటలో పడేశాను. మొత్తం అయిదు.

డేవిడ్ ఒక్క దెబ్బలో వేస్తే నాలుగు, పని వాడిది. వెయ్యకపోతే సమానం, పని నాది.

వాడు తన బంతి వెనక నిలబడి చూశాడు. నేనూ చూశాను. నా గీత వాడి బంతి ముందు నుంచి కాలవలా పోయి, గుంట దగ్గర కుడికి తిరిగి ఉంది. వాడు ఎంత తిన్నగా కొట్టినా బంతి అందులో దిగుతుంది. దిగితే నా బంతి పోయిన చోటికే పోతుంది. వాడికి తెలుసు. విఠల్‌కూ తెలిసినట్టుంది, ఒక్క జోకు కూడా వెయ్యలేదు. డేవిడ్ నన్ను అడగలేదు. కర్ర సవరించుకున్నాడు.

ఉస్తాద్ అక్కడ లేడు. కొంచెం దూరంలో ఒక బండ మీద కూచుని, చెప్పులో పడ్డ రాయిని తీసుకుంటున్నాడు. మా వైపు చూడటం లేదు.

నేను వెళ్లి చెక్క తెచ్చాను.

"అన్నా, ఉండనియ్యి," అన్నాడు డేవిడ్.

"పక్కకు జరుగు."

వాడి బంతి ముందు నుంచి గుంటదాకా లాగాను. నూనె తాగిన ఇసుక చూడటానికి తేలిగ్గా ఉంటుంది కాని, చెక్కకు అడ్డుపడి లాగనివ్వదు. రెండు చేతులతో లాగినా నాకు భుజాలు నొప్పెట్టాయి. ఆయన ఒక్క ఎడమ చేత్తో ఎనిమిది గుంటలు లాగాడు. దారి నున్నగా అయిందాకా లాగి, వంగి చూసుకుని, ఒక చోట అచ్చు మిగిలితే మళ్లీ లాగాను. తర్వాత పక్కకు వచ్చి నిలబడ్డాను.

డేవిడ్ చాలాసేపు కొట్టలేదు. తర్వాత కొట్టాడు. బంతి అంచు కూడా తగలకుండా గుంటలో పడింది.

అందరం ముగించాక మిగతా ఇసుక కూడా నేనే సాపు చేశాను. వెనక ముగ్గురూ వస్తున్నారు.

తిరుగు రైల్లో డేవిడ్ నాతో గొడవ పెట్టుకున్నాడు. ఆ పని నాకొద్దు, నువ్వే తీసుకో అన్నా అన్నాడు. నా నోటితో నేనన్న మాట, దాన్ని మార్చటానికి నువ్వెవడివన్నాను. గట్టిగానే అన్నాను. విఠల్ ఇద్దరికీ మధ్య వచ్చి కూచుని, కాళ్లు చాపి, పాట అందుకున్నాడు. వాడి గొంతు బాగుండదు. అయినా రెండు స్టేషన్లు దాటేసరికి మేమూ కలిశాం.

ఉస్తాద్ నా చెయ్యి చాపమన్నాడు. చాపాను. అరచెయ్యంతా నల్లటి నూనె. ఆయన తన ఎడమ అరచెయ్యి దాని పక్కన పెట్టాడు. అదీ అంతే నల్లగా ఉంది. కాసేపు రెండింటినీ చూసి, చెయ్యి తీసుకుని, కళ్లు మూసుకున్నాడు.

డేవిడ్ ఆ క్లబ్బులో ఇరవై ఆరేళ్లు పిల్లలకు ఆట నేర్పాడు. నేను ఇంకో పందొమ్మిదేళ్లు సంచులు మోశాను.