దస్తగిరి పరిచిన తెల్లగుడ్డ

కొండకు దారి కొత్త, దారికి మోటారు కొత్త అయిన రోజుల్లో, ఏ తాతా తారీకు చెప్పలేని ఒకానొక కాలంలో, ఒక కనుమ కింద ఒక ఊరు ఉండేది. ఆ ఊరి చివర ఒక రేకుల కొట్టం. ఆ కొట్టంలో దస్తగిరి అనే మెకానిక్ ఉండేవాడు.

దస్తగిరికి చదువు లేదు. పొలం లేదు. పలుకుబడి అసలే లేదు. ఉన్నదల్లా చెవి. బండి కనుమ దిగి కొట్టం ముందుకు రాకముందే దాని జబ్బేమిటో చెప్పేవాడు. చేతులు ఎంత తోమినా నలుపు పోయేది కాదు. పెళ్ళి పంక్తిలో ఆయన్ను చివరాఖరున కూర్చోబెట్టేవాళ్ళు. కూర్చునేవాడు, తినేవాడు, లేచి వచ్చి మళ్ళీ బండి కింద దూరేవాడు.

ఆ ఊరికి ఒకటే బస్సు. పొద్దున కనుమ ఎక్కి అవతలి సంతకు పోయేది, సాయంత్రం దిగి వచ్చేది. దాన్ని నడిపేవాడు ఓబులేసు. నెమ్మదైన మనిషి, చుక్క ముట్టడు. ముసలివాళ్ళు ఎక్కుతుంటే దిగి వచ్చి చెయ్యి అందించేవాడు. ఇక బస్సు యజమాని. ఆయన పేరు ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ పలకరు. వాళ్ళు పలకని పేరు ఈ కథలో మాత్రం ఎందుకు? యజమాని అంటే చాలు.

ఒకనాడు బస్సు కనుమ మధ్యలో ఆగింది. ఇంజను అరుస్తోంది, చక్రం తిరగడం లేదు. ఇంజను బలాన్ని చక్రాలకు అందించే క్లచ్ ప్లేటు కాలిపోయింది. ఎడ్లు కట్టి కొట్టానికి లాక్కొచ్చారు. క్లచ్ ప్లేటు మార్చాలంటే గేర్ బాక్సు మొత్తం దించాలి. అది రెండు రోజుల పని, నలుగురి నడుములు విరిగే పని. దస్తగిరి దించాడు. లోపల అంతా చేత్తో తడిమి చూశాడు. చూసి యజమానికి కబురు పంపాడు.

"అయ్యా, ఎట్లాగూ విప్పినాం. పక్కవి కూడా చూడండి," అన్నాడు.

పక్కవి మూడు. క్లచ్ తొక్కినప్పుడల్లా తిరిగే బేరింగు, అది గరగరమంటోంది. ప్లేటును అదిమిపట్టే మూత, దాని స్ప్రింగులు నీరసించాయి. ఇంజను నూనె బయటికి రాకుండా ఆపే సీలు, అది ఉంగరమంత వస్తువు, అంచు ఎండి పగులుతోంది. ఈ మూడూ ప్లేటుతో పాటే పనిచేశాయి, ప్లేటుతో పాటే అరిగాయి అని దస్తగిరి చెప్పాడు. గేర్ల పళ్ళు మాత్రం గట్టిగా ఉన్నాయి, వాటి జోలికి పోవద్దని కూడా ఆయనే చెప్పాడు. బయట బిగించేవి చేతికి అందుతాయి, అవి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. విప్పితే తప్ప అందనివి ఇప్పుడే మార్చుకోవాలి. ఇదీ ఆయన లెక్క.

యజమాని కుర్చీలోంచి లేవలేదు. లోపలికి తొంగి చూడలేదు.

"పోయిందేదో అదొక్కటే వెయ్యి," అన్నాడు.

దస్తగిరి ప్లేటొక్కటే వేశాడు.

వాన మొదలవకముందే బేరింగు పగిలింది. బస్సు కనుమ మీద ఆగిపోయింది. సంతకు పోయే ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచారు. మళ్ళీ ఎడ్లు, మళ్ళీ లాగడం, మళ్ళీ రెండు రోజులు గేర్ బాక్సు దించడం. దస్తగిరి మళ్ళీ అదే మాట చెప్పాడు. అయ్యా, ఎట్లాగూ విప్పినాం, పక్కవి కూడా చూడండి అన్నాడు. యజమాని మళ్ళీ అదే మాట చెప్పాడు. పోయిందేదో అదొక్కటే వెయ్యి అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? లేదు. సంతలో నిలబడి, దస్తగిరి కావాలనే పని మిగిలిస్తున్నాడని, మళ్ళీ మళ్ళీ విప్పితే మళ్ళీ మళ్ళీ కూలి దొరుకుతుందని వాడి ఎత్తు అని పదిమందికీ చెప్పాడు. పదిమందీ నమ్మారు. గంపలు మోసి మెడలు పట్టేసినవాళ్ళకు ఎవరో ఒకరు కావాలి కదా. కొట్టం ముందునుంచి పోతూ ఉమ్మేసి పోయినవాళ్ళూ ఉన్నారు. దస్తగిరి ఆ ఉమ్మి మీద మన్ను పోసి పని చేసుకున్నాడు.

చలికాలం పోకముందే స్ప్రింగులు విరిగాయి. మూడోసారి గేర్ బాక్సు దిగింది. ఈసారి దస్తగిరి కబురు పంపలేదు. తానే యజమాని ఇంటికి నడిచి వెళ్ళి, చెప్పులు బయట విడిచి, గుమ్మంలో నిలబడ్డాడు.

మూత మారుస్తాను, సీలు కూడా మార్చాల్సిందే అన్నాడు. సీలు పూర్తిగా పగిలితే నూనె వచ్చి ప్లేటు మీద పడుతుంది. నూనె పడ్డ ప్లేటు పట్టదు, జారుతుంది. నిండు బస్సు ఏటవాలులో ఉండగా జారితే ఎవరు పట్టుకుంటారు అని అడిగాడు.

"పోయిందేదో అదొక్కటే వెయ్యి," అన్నాడు యజమాని.

"వెయ్యను. సీలు మార్చకుండా ఈ బస్సును నేను మూయను," అన్నాడు దస్తగిరి.

ఆ ఊళ్ళో ఆ గుమ్మంలో నిలబడి కాదన్న మొదటి మనిషి ఆయనే. మర్నాటికి కొట్టం ఖాళీ చేయమన్నారు. ఆ జాగా కూడా యజమానిదే మరి. దస్తగిరీ, ఆయన పెళ్ళాం హుసేన్‌బీ సామాన్లు నెత్తిన పెట్టుకుని కనుమ మొదట్లో ఒక చింతచెట్టు కిందికి చేరారు. పట్నం నుంచి ఇంకో మెకానిక్ వచ్చి మూత మార్చి బస్సు మూసేశాడు. అతనికీ సీలు కనిపించింది. కనిపించిందని తరవాత ఒప్పుకున్నాడు. అడిగిన పని చేశానన్నాడు, అడగని పని నాకెందుకన్నాడు.

నెల తిరగలేదు. సంత రోజు, ఎండ ఎక్కుతున్న వేళ, నలభై మందితో బస్సు కనుమ ఎక్కుతోంది. అన్నిటికన్నా నిలువైన మలుపులో ప్లేటు జారింది. ఇంజను అరిచింది, బస్సు ముందుకు కదల్లేదు. ఓబులేసు బ్రేకు మీద రెండు కాళ్ళూ వేసి నిలబడ్డాడు. అరవలేదు, కంగారు పడలేదు. పిల్లల తల్లులు ముందు దిగండి, తరవాత ముసలివాళ్ళు, తరవాత మిగిలినవాళ్ళు అన్నాడు. ఒక్కొక్కరే దిగారు. నలభై మందీ దిగారు. గంపలు కూడా దింపుకున్నారు. ఆఖరి మనిషి కాలు నేల మీద పడ్డాక ఆ బ్రేకు ఇంక ఓర్చుకోలేకపోయింది. బస్సు వెనక్కి దొర్లింది. కింద దారిలో ఎడ్ల బండి ఒకటి వస్తోంది. ఓబులేసు దూకలేదు. చక్రం తిప్పి బస్సును కొండకు గుద్దించాడు. బండి దక్కింది. ఓబులేసు దక్కలేదు.

ఇంతవరకూ జరిగింది దుఃఖం. ఆ తరవాత జరిగింది అన్యాయం.

ఓబులేసు తాగి నడిపాడని యజమాని అన్నాడు. పాడె లేవకముందే అన్నాడు. నలభై మందిని వరసగా దింపినవాడు తాగి ఉన్నాడట. బ్రేకు మీద నిలబడి తల్లుల్ని ముందు దిగమన్నవాడు తాగి ఉన్నాడట. దిగిన నలభై మందికీ నిజం తెలుసు. కానీ రేపు ఇంకో బస్సు వచ్చినా అదీ ఆ యజమానిదే, సంతకు పోవాలంటే అదే ఎక్కాలి. నలభై నోళ్ళూ మూతపడ్డాయి.

ఓబులేసు భార్య తిరుపాలమ్మ చింతచెట్టు కిందికి వచ్చింది.

"అన్నా, ఆయప్ప తాగడు. నీకు తెలుసు కదా," అంది.

"తెలుసు చెల్లీ. తెలిస్తే చాలదు, చూపించాల," అన్నాడు దస్తగిరి.

ఊరి పెద్దల్ని సత్రం ముందు కూర్చోబెట్టమని ఆయన మూడు రోజులు తిరిగాడు. మూడో రోజుకు కూర్చున్నారు. విరిగిన బస్సును అక్కడికే లాగించాడు. అందరి కళ్ళ ముందు విప్పుతానన్నాడు. సామాను పరచడానికి తెల్లగుడ్డ కావాలన్నాడు. ఎవరూ కదల్లేదు. తిరుపాలమ్మ ఇంటికి పోయి ఓబులేసు పండగ పంచె తెచ్చి ఇచ్చింది.

దస్తగిరి విప్పాడు. ఒక్కో వస్తువు తీసి ఆ పంచె మీద పెట్టాడు. కొత్త బేరింగు పెట్టాడు, అది శుభ్రంగా ఉంది. కొత్త మూత పెట్టాడు, స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి. ప్లేటు పెట్టాడు. దాని కింద తెల్లటి పంచె మీద నూనె పాకింది. అరచెయ్యంత, తరవాత పళ్ళెమంత, తరవాత చాటంత. పెద్దలు ముందుకు వంగారు. ఆఖరున సీలు తీసి ఆ నూనె మధ్యలో పెట్టాడు. అది రెండు ముక్కలై ఉంది.

"జారింది ప్లేటు. జార్చింది ఈ సీలు. మనిషిని చంపింది ఇది, సారా కాదు," అన్నాడు దస్తగిరి.

అప్పుడు నలభై మందిలో ఒక ముసలమ్మ లేచి, నన్ను చెయ్యి పట్టుకుని బస్సెక్కించినవాడి నోట సారా వాసన రాలేదు అంది. ఆ వెనక ఇంకొకరు లేచారు. ఆ వెనక అందరూ లేచారు.

పెద్దలు గొంతులు సవరించుకున్నారు. పోయినవాడు ఎట్లాగూ పోయాడు, ఎంతో కొంత ఇప్పిస్తాం అన్నారు. అప్పుడు దస్తగిరికి ఒళ్ళు మండింది. జీవితంలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి లేచి నిలబడ్డాడు. ఎవరి డబ్బూ అక్కర్లేదన్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోవాలన్నాడు. ఓబులేసు తాగలేదని మూడు చోట్ల చెప్పాలన్నాడు. ఈ సత్రం ముందు చెప్పాలి, ఆ మలుపులో చెప్పాలి, తిరుపాలమ్మ గుమ్మంలో చెప్పాలి.

ఊరంతా లేచి నిలబడి ఉంది. యజమానికి దారి లేకపోయింది. సత్రం ముందు గొణిగాడు. మలుపులో కొండవైపు తిరిగి చెప్పాడు. గుమ్మంలో నేల చూస్తూ చెప్పాడు.

"తలెత్తి చెప్పు," అంది తిరుపాలమ్మ.

ఎత్తి చెప్పాడు.

దస్తగిరి ఆ తరవాత చాలా ఏళ్ళు చింతచెట్టు కిందే పని చేశాడు. ఏ బండి విప్పినా తెల్లగుడ్డ పరిచి సామాను దాని మీద పెట్టేవాడు. యజమానిని పిలిచేవాడు కాదు, ఎక్కబోయేవాళ్ళను పిలిచేవాడు. ఒక వేసవిలో జ్వరం వచ్చి పోయాడు. ఆ రోజు కనుమకు అటూ ఇటూ ఒక్క డ్రైవరూ బండి తీయలేదు. పెళ్ళి పంక్తిలో చివర కూర్చోబెట్టిన ఊరు ఆయన పాడెను ముందు మోయడానికి పోటీ పడింది. బతికుండగా ఇవ్వని పీట చచ్చాక ఇచ్చారు. మన ఊళ్ళు ఇంతే.

ఇప్పటికీ ఆ కనుమ కింద గేర్ బాక్సు దించితే మెకానిక్ తెల్లగుడ్డ పరుస్తాడు. బస్సు కోసం కూర్చున్నవాళ్ళు ఎవరైనా సరే వచ్చి చూడొచ్చు. "పక్కది చూశావా?" అని అడగొచ్చు. జవాబు చెప్పేదాకా అతను బోల్టు బిగించడు. అంతేకాదు, ఆ ఊళ్ళో పోయినవాళ్ళ మీద ఎవరైనా నింద వేస్తే, వినేవాళ్ళు కోప్పడరు, కొట్లాడరు. "తలెత్తి చెప్పు" అంటారు, అంతే. చాలామంది చెప్పలేరు.