వరహాలు వాటాకొచ్చిన మొగ్గలు

అనగనగనగా, మబ్బులు తలుపు తట్టకుండానే ఇళ్ళల్లోకి దూరిపోయే ఒక కొండ ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దావిడ పేరు పైడమ్మ, చిన్నావిడ పేరు వరహాలు. ఆ దుప్పటంతా నువ్వే లాక్కోకు చిట్టీ, చెల్లికీ కాస్త వదులు. ఆఁ, ఎక్కడున్నాం? తోడికోడళ్ళ దగ్గర.

ఈ వరహాలు మంచిదే, పనిమంతురాలే. కానీ ఒళ్ళంతా కుళ్ళు! పైడమ్మ పెరుగు గట్టిగా తోడుకుంటే కుళ్ళు. పైడమ్మ కోడి గుడ్డు పెట్టి అరిస్తే కుళ్ళు. అత్తగారు అప్పలకొండమ్మ అన్నం కలుపుతూ, "ఇవాళ పులుసు పైడి పెట్టిందా?" అని అడిగిందంటే, ఇక ఆ పూట వరహాలుకి ముద్ద దిగేది కాదు. "నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరూ లేరా దేవుడా!" అని లోపల్లోపలే ఏడ్చుకునేది.

అప్పుడు అన్నదమ్ములు వేరుపడ్డారు. వాకిలి ఒకటే, పొయ్యిలు రెండయ్యాయి. బిందెలు పంచుకున్నారు, కోళ్ళు పంచుకున్నారు. చివరికి అరుగు మీద వేలాడే పూలమొక్క ఒకటి మిగిలింది. మీరు ఆర్కిడ్ అంటారే, అదే. దానికి మట్టి అక్కర్లేదు. చెక్కకి కట్టి వేలాడదీస్తే గాలీ వానా తాగి బతికేస్తుంది.

అత్తగారు దాన్ని రెండుగా విడదీసింది. ఒక ముక్కకి బోలెడు వేళ్ళు, బోలెడు ఆకులు, మొగ్గ మాత్రం లేదు. రెండో ముక్కకి రెండే వేళ్ళు, మూడే ఆకులు, కానీ నిటారుగా ఒక కాడ, ఆ కాడకి మూడు మొగ్గలు. "ఎవరికేది కావాలో తీసుకోండే" అంది అత్తగారు. ఆ మాట పూర్తవనే లేదు, వరహాలు చెయ్యి మొగ్గల మీద పడిపోయింది.

ఆ తర్వాత అత్తగారు ఆ మొక్కని ఎత్తి చూసి, "వరహాలూ, ఇది మరీ నీరసంగా ఉందే. ఆ కాడ తుంచెయ్యి. ఈ ఏడు తిని బలపడనీ, వచ్చే ఏడు పూస్తుంది" అంది.

వరహాలు మూతి తిప్పుకుంది. "ఆహా! పెద్దకోడలి కంటే ముందు నాది పూస్తుందని కదా!" అనుకుంది. తుంచలేదు.

ఆ తర్వాత అడవి నుంచి తేనె అమ్ముకునే ముసలాయన వచ్చాడు. "తల్లీ, రెండు వేళ్ళతో మూడు పూలు మోయలేదు. మొక్క చచ్చిపోద్ది, తుంచెయ్" అన్నాడు.

"నీ మీసం మీద పైడమ్మ పోసిన మజ్జిగ ఇంకా ఆరలేదు, అప్పుడే ఆవిడ పక్షం చేరిపోయావా?" అని కసిరింది వరహాలు. పాపం, ముసలాయన మీసం తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పైడమ్మే స్వయంగా వచ్చింది. "చెల్లీ, నా మాట విని తుంచెయ్. మొక్కన్నా దక్కుతుంది" అంది.

ఇంకేముంది, వరహాలు ఒంటికాలి మీద లేచింది. "నీకు పెరుగుంది, గుడ్లున్నాయి, అత్త నోట్లో నీ పేరుంది. నాకు మూడు మొగ్గలున్నాయి. అవి కూడా ఓర్చుకోలేవా అక్కా?" అంది. పైడమ్మ ముఖం ఎర్రబడింది. విసురుగా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అప్పుడు మొదటి మొగ్గ విచ్చింది. లేత పసుపు రేకులు, వాటి మీద ఎర్రటి చుక్కలు! వరహాలు ఆ చెక్కని తీసుకెళ్ళి వీధి గుమ్మానికి వేలాడదీసింది. ఊరంతా వచ్చి చూసింది. సాయంత్రానికి ఒక ఆకు పసుపుపచ్చబడి రాలిపోయింది.

"దిష్టి! పైడమ్మ దిష్టే!" అంది వరహాలు. ఉప్పూ ఎండుమిరపకాయలూ మొక్క చుట్టూ మూడుసార్లు తిప్పి, దాని కిందే కుంపటి పెట్టి అందులో పడేసింది. ఘాటుకి ఇల్లంతా దగ్గింది. మొక్క ఎలా దగ్గుతుంది చెప్పు? తలొంచుకుని ఊరుకుంది.

ఆ తర్వాత రెండో మొగ్గ విచ్చింది. రెండో ఆకు రాలింది. వరహాలు ఈసారి వేళ్ళకి నల్లతాడు బిగించి కట్టింది. వేళ్ళు చీపురుపుల్లల్లా ఎండిపోయాయి.

ఇక మిగిలింది ఒక్క ఆకు, ఒక్క మొగ్గ. ఆ ఆకూ ముడతలు పడుతోంది. ఈ మొగ్గ విచ్చిందంటే మొక్క పోతుందని ఇప్పుడు వరహాలుకీ తెలుసు. చాకు తీసింది. కాడ దగ్గర పెట్టింది. పెట్టి, మళ్ళీ వెనక్కి లాక్కుంది. తుంచితే పైడమ్మ మాట నెగ్గినట్టు అవుతుంది కదా! పైడమ్మ మొక్క కూడా చస్తూ ఉంటే ఎంత బావుణ్ణు అనుకుంది. ఛీ, పాడు బుద్ధి! ఆ పాడు బుద్ధితోనే చాకు చేత్తో పట్టుకుని రెండు వాటాల మధ్య తడిక దగ్గరికి వెళ్ళి తొంగిచూసింది.

పైడమ్మ మొక్క నిగనిగలాడుతోంది. కొత్తగా నాలుగు ఆకులు వేసింది. దాని ముందు పైడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి తిడుతోంది!

"పూయవేం? ఆవిడగారిది రెండు పూలు పూసింది, ఊరు ఊరంతా అక్కడే ఉంది. నువ్వు మేకలా ఆకులేసుకుంటూ కూర్చో! నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదే!"

వరహాలు తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. పైడమ్మకి కుళ్ళు! తనని చూసి కుళ్ళు! తడిక తోసుకుని లోపలికి వెళ్ళింది.

"అయితే అక్కా, ఆ రోజు నన్ను తుంచమన్నది కుళ్ళుకునేనా?"

పైడమ్మ తలొంచుకుంది. "కుళ్ళుకునే చెల్లీ. కానీ తుంచకపోతే చస్తుందన్నదీ నిజమే."

అప్పుడు వరహాలుకి నవ్వొచ్చింది. మొదట చిన్నగా, ఆ తర్వాత పెద్దగా, ఆ తర్వాత కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇన్నేళ్ళూ తనని చూసి ఒక్కరైనా కుళ్ళుకోవాలని ఏడ్చింది కదా, ఆ ఒక్కరూ దొరికేశారు. ఇక మూడో పువ్వుతో పనేముంది? పరుగున ఇంటికెళ్ళి నల్లతాడు తెంపేసింది, కాడ కోసేసింది.

ఒక పువ్వు పైడమ్మ కొప్పులో పెట్టింది, ఒకటి తన కొప్పులో పెట్టుకుంది. మొగ్గ మిగిలిన కాడని గ్లాసుడు నీళ్ళలో వేసి అత్తగారి మంచం పక్కన పెట్టింది. మూడోనాటికి అది గ్లాసులోనే విచ్చింది.

మరి మొక్క? పైడమ్మ దాన్ని తెచ్చి తన చెక్క పక్కనే, నీడపట్టున వేలాడదీసింది. వానలు పడ్డాక ఒక రోజు ఎండిన వేళ్ళ మధ్య నుంచి పచ్చటి మొన ఒకటి బయటికొచ్చింది. ఆ ఏడు పూయలేదు. పై ఏడూ పూయలేదు. ఆ పై ఏడు రెండు మొక్కలూ ఒకే రోజు పూశాయి.

"ఎవరిది ఎక్కువ పూసింది అమ్మమ్మా" అంటావా? వాళ్ళిద్దరూ ఓరకంట అదే చూసుకుంటున్నారులే. నువ్వు దుప్పటి సగం చెల్లికిచ్చి కళ్ళు మూసుకో.

కాడ గ్లాసుకి, పువ్వు కొప్పుకి,
కుళ్ళు కొండకి, కథ కంచికి,
చిట్టి నిద్దరకి, నేను నా చాపకి.